నేలకు తోడు: మా చిల్లకల్లు ప్రయాణము

వరలక్ష్మీ వ్రతమునకు తప్పక రావలెనని మా ఆడబిడ్డ రెండేండ్లనుండి కబురు పంపుచున్నది. ఏదో యొక యాటంకము వచ్చి పోలేకపోతిమి. ఈ శ్రావణమున ఎట్లో తీరిక చేసికొని చిల్లకల్లునకు పోయి, మూడు దినములుండి వచ్చితిమి. పేరంటమునకని పోయినవారము మట్టినిగూర్చి కొంత నేర్చుకొని తిరిగి వచ్చితిమి. పొలమున్న యిండ్ల సోదరీమణులకు ఉపయోగపడునని ఆ సంగతులిక్కడ వ్రాయుచున్నాము.

బెజవాడనుండి హైదరాబాదు పోవు రహదారిలో ఇబ్రహీంపట్నము, కంచికచర్ల దాటిన పిదప కీసరయొద్ద మున్నేటి వంతెన తగులును. అది దాటినంతనే భూమి రూపు మారును. డెల్టాలోని వరిచేలును కాలువగట్లును వెనుకబడి పత్తి, మిరప, కంది, పెసర చేలు కానవచ్చును. నందిగామయు జగ్గయ్యపేటయు కృష్ణాజిల్లా మెట్టసీమయని పూర్వమునుండి పేరుపడినవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినపుడు ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. నాగార్జునసాగరము ఎడమకాలువ నీరు కొన్ని చేలకు అందును; అందనిచోట మేఘమువంక చూడవలసినదే. చిల్లకల్లు ఈ రహదారిమీదనే యున్నది. టోల్‌గేటుయొద్ద రేయుంబవళ్లు లారీల రొద. ఊరిలోనికి నాలుగడుగులు వేసినచో కళ్లాపి చల్లిన వాకిళ్లు, గడ్డివాములు, మధ్యాహ్నపు నిశ్శబ్దము.

ఈ సీమలో భూమి యడుగున సున్నపురాయి విస్తారముగా గలదు. జగ్గయ్యపేట చుట్టును సిమెంటు కర్మాగారములు వెలసినది అందుచేతనే. పూర్వులును ఆ రాతిపలకలతోనే ఇక్కడ బౌద్ధస్తూపమును అలంకరించిరి. బేతవోలు అను పల్లెను వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు పట్టణముగా చేసి, తండ్రిగారి పేరిట జగ్గయ్యపేట యనిరి. ఆ యూరిచెంత ధనంబోడు అను దిబ్బలో ఈ స్తూపము బయల్పడినది. 1882లో బర్జెస్ దొర దానిని పరిశీలించెను. అందలి యొక ఫలకముపై చక్రవర్తి చేయి పైకెత్తి నిలిచియుండగా మబ్బులనుండి నాణెములు వానవలె కురియుచుండును. దానిని మేమొకప్పుడు చెన్నపట్టణపు మ్యూజియములో చూచితిమి. ఆ బొమ్మ మరల జ్ఞప్తికి వచ్చు సందర్భము ఈ ప్రయాణములో కలిగినది, ముందు చెప్పెదము.

మా ఆడబిడ్డ వారికి మూడెకరముల చేను. రెండెకరములలో పత్తి, నడుమ కందిసాళ్లు. తక్కిన యెకరము మిరపకు. పేరంటమునాడు ఆమె మాకు పసుపు రాయుచుండగా చేతులవంక చూచితిమి. రెండు చేతులకును మట్టిగాజులే గాని బంగారు గాజులు లేవు. అందరును వెళ్లిన పిదప అడిగితిమి.

"పోయినేడు మిరపకు తామరపురుగు పట్టింది వదినా. మిగిలిన కాయకి ధర లేదు. ఎరువుల కొట్టు బాకీకి గాజులు తాకట్టు పెట్టాం. మళ్లీ మిరప నాటే రోజులొచ్చాయి. ఈసారి ఈ గొలుసు అడుగుతున్నారు" అని మెడలోని గొలుసును పైటలోనికి త్రోసికొనెను.

ఆమె డ్వాక్రా సంఘములో సభ్యురాలు. సంఘమువారు చెప్పిన మాట విని, వేసవి చివర మిరప యెకరములో నవధాన్యములు చల్లించి, మొలచిన పైరును దున్నించినదట. మందుల ఎరువులు సగము తగ్గించి పశువుల ఎరువుతో నాటుదమని ఆమె మాట. పంట పోయినచో ఎవరు దిక్కని భర్త మాట. ఇద్దరి మాటలోను న్యాయము కలదు.

పెరటిలో నీలపు డ్రమ్మొకటి గోనెసంచితో కప్పియుండెను. అందులో జీవామృతము. 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, 5 మొదలు 10 లీటర్ల గోమూత్రము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుధాన్యపు పిండి, గట్టుమీది పిడికెడు మట్టి కలిపి, ఉదయసాయంకాలములు కఱ్ఱతో త్రిప్పుచు రెండు దినములు పులియనిత్తురు. ఒక యెకరమునకు ఈ కొలత. ఆ పిడికెడు మట్టి ఎందులకో తెలియునాయని మేమడుగగా ఆమె, "పురుగుల కోసం వదినా, కంటికి కనపడని పురుగులు" అనెను.

ఆమె అత్తగారు వంటయింటి గడపలో కూర్చుండి వినుచు, "పురుగులంటే రోగాలేగా అమ్మాయ్! పొలానికి రోగం పోస్తారా?" అనిరి.

అప్పుడామె చేతిలో పాలగిన్నె యున్నది. గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ కలుపబోవుచున్నారు. "పెద్దమ్మా, మీరు కలుపుచున్నదియు కంటికి కనబడని జీవులనే గదా" యంటిమి. ఆమె నవ్వి, తోడుపెట్టి, గిన్నెపై మూతపెట్టిరి. ఆ రాత్రి మాటలన్నియు ఆ గిన్నె చుట్టును తిరిగినవి.

పెరుగు తోడుకొనుటకు మూడు వలయునని స్త్రీలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పాలు కావలెను, వట్టి గిన్నెలో తోడు వేసినచో ఎండిపోవును. వేడి మితముగా నుండవలెను. కాగుచున్న పాలలో వేసిన తోడు చచ్చును. మూత యుండవలెను. నేలలోని జీవులకును ఈ మూడే వలయును. సారమున్న మట్టి చెంచాడు తీసినచో అందులో కోట్లకొలది సూక్ష్మజీవులుండును. వాని పాలు ఏవనగా పేడ, రాలిన ఆకు, దున్నిన పచ్చిరొట్ట, చచ్చిన వేళ్లు. శాస్త్రజ్ఞులు దీనిని సేంద్రియ కర్బనమందురు. మట్టిలో ఇది నూటికి 0.5 వంతుకు దిగువ నున్నచో తక్కువయని పరీక్షాపత్రములో వ్రాయుదురు. ఇక మన చేలలో పత్తికట్టెను మిరపకట్టెను కుప్పవేసి తగులబెట్టుచున్నాము. అనగా పాలు పారబోసి, గిన్నెను నిప్పుమీద పెట్టి, మూత తీసి, పెరుగు కాలేదని చింతించుచున్నాము.

సూక్ష్మజీవులన్నియు రోగకారకములు కావని పెద్దమ్మగారికి మఱియొక నిదర్శనము చెప్పితిమి. మన భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే పరిశోధనాలయమునకు అధ్యక్షులుగా నుండగా, 1948లో ఆరియోమైసిన్ అను మందు వెలువడినది. డుగ్గర్ అను శాస్త్రజ్ఞుడు మిస్సోరీ రాష్ట్రపు పొలము మట్టిలో దొరికిన సూక్ష్మజీవినుండి దానిని తీసెను. ఎందఱో బిడ్డలను జ్వరములనుండి కాపాడిన మందు అట్లు పొలము మట్టిలో పుట్టినదే.

మఱునాటి యుదయము చల్లపొద్దున చేనికి పోయితిమి. అన్నయ్యగారు, అనగా మా ఆడబిడ్డ భర్త, గునపము భుజాన వేసికొని వెంటవచ్చిరి. ముందురాత్రి చినుకు పడియున్నందున రేగడిమన్ను చెప్పులకు అంటుకొని అడుగడుగునకు కాళ్లు బరువెక్కుచుండెను. కందిమొక్క నొకదానిని చూపితిమి. ఆయన పెఱుకబోగా వారించితిమి. పెఱికినచో వేళ్లు తెగి, చూడవలసినది మన్నులోనే నిలిచిపోవును. చుట్టును జానెడు దూరమున త్రవ్వించి, మంటిగడ్డతో ఎత్తి, బకెట్టు నీటిలో నానవేసితిమి. మన్ను కరగిన పిదప వేళ్లపై ఆవాలు మొదలు మిరియాలంత బుడిపెలు కానవచ్చినవి. ఒకదానిని మా ఆడబిడ్డ గోటితో చిదిపెను. లోపల ఎఱ్ఱగులాబి వన్నె!

"అబ్బ, నెత్తురులాగా ఉందే!" అనెను.

ఆ మాట చాలవఱకు నిజమే. గాలిలో నూటికి 78 వంతులు నత్రజనియే యైనను మొక్క దానిని నేరుగ తినలేదు. రైజోబియము జాతి సూక్ష్మజీవులు పప్పుధాన్యపు మొక్కల వేళ్లలో ఇల్లు కట్టుకొని, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చునట్లు మార్చి యిచ్చును. ప్రతిగా మొక్క వానికి చక్కెర పెట్టును. ఆ బుడిపెలోని ఎఱుపు లెగ్‌హిమోగ్లోబిన్. మన నెత్తురులోని హిమోగ్లోబిన్‌కు చుట్టము. ప్రాణవాయువు మితిమీరినచో ఆ జీవులు పని చేయలేవు గనుక ఆ ఎఱ్ఱని పదార్థము దానిని కొలత ప్రకారము అందించుచుండును. లోపల ఎఱుపున్న బుడిపె పని చేయుచున్నట్లు. తెల్లనిదియో పచ్చనిదియో యైనచో పని చేయనట్లు. ఈ పరీక్షకు గోరు తప్ప వేఱు సాధనము వలదు.

కంది, పెసర వేసిన భూమి బలపడునని మన పెద్దలు అనుభవమున ఎఱుగుదురు. కారణమును జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అను నిద్దఱు 1886 మొదలు 1888 వఱకు ఋజువుపఱచిరి. ఆ 1888లోనే హాలెండుదేశపు బైయెరింక్ ఆ సూక్ష్మజీవిని వేఱుచేసి పెంచెను. ధనంబోడు చక్రవర్తి చేయి యెత్తగా ఆకాశమునుండి ధనము కురిసెను. కందివేరు చేయుపనియు అట్టిదే. ఆ ధనము మాత్రము భూమిలోపల కురియును.

పిదప ప్రక్క గట్టున యూరియా ఎక్కువగా పడిన సాలులోని కందిమొక్కను త్రవ్వించితిమి. ఆకు కారుపచ్చగా నున్నది గాని వేళ్లపై బుడిపెలు రెండో మూడో, చిదిపినచో తెల్లన. యూరియాలో నూటికి 46 వంతులు నత్రజని. అది చేతికందినప్పుడు మొక్క ఆ జీవులను పిలువదు, చక్కెర ఖర్చు పెట్టదు. ఒక్క మొక్కతో లోకము తేల్చరాదని మేమే యంటిమి. అన్నయ్యగారు మాటాడక, మఱి నాలుగు చోట్ల తామే త్రవ్వి చూచిరి.

ఇంటికి వచ్చిన పిదప ఆయన, "సరే చెల్లెమ్మా, కందికి బుడిపెలున్నాయి. మిరపకు లేవుగా? మిరపకేం పెట్టమంటావు?" అని అడిగిరి. మంచి ప్రశ్న. మిరప గాలినుండి నత్రజని తెచ్చుకొనలేదు. దానికి పెట్టక తప్పదు. ఎంత పెట్టవలెననుటయే ప్రశ్న.

అప్పుడు మా ఆడబిడ్డకు బీరువాలోని కాగితమొకటి తోచినది. ప్రభుత్వమువారు 2015లో ఆరంభించిన భూసార పరీక్షా పత్రముల పథకములో వీరి చేనికిని ఒకటి వచ్చియున్నది. దానిని పట్టాపుస్తకములో మడిచి దాచిరే గాని ఎవరును చదువలేదు. విప్పి చదివితిమి. సేంద్రియ కర్బనము తక్కువ, భాస్వరము ఎక్కువ. అన్నయ్యగారు ఏటేట మిరపకు వేయుచున్నది డి.ఏ.పి. అందులో నూటికి 46 వంతులు భాస్వరమే. అనగా భూమిలో నిలువయున్న సరకునే అప్పుతెచ్చి మరల కొనుచున్నారు!

"ఎక్కువుంటే మొక్కెందుకు తీసుకోదు?" అని ఆయన అడిగిరి. ఇది సున్నపురాతి సీమ. సున్నమెక్కువయున్న నేలలో భాస్వరము దానితో కలిసి గట్టిపడి మొక్కకందదు. నీళ్లు కాచుకొను పాత్రల అడుగున తెల్లని పొర పట్టును గదా. నిమ్మరసము వేసి తోమినచో విడును. నేలలోని కొన్ని సూక్ష్మజీవులు ఆ నిమ్మరసమువంటి ఆమ్లములనే స్రవించి, గట్టిపడిన భాస్వరమును కొంత కరగించును. మఱికొన్ని శిలీంధ్రములు సన్నని పోగులతో వేళ్లనంటుకొని, వేరు చేరలేని చోటినుండి భాస్వరమును తెచ్చి యిచ్చును. ఈ పొత్తునకు 1885లో ఫ్రాంక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మైకోరైజా యని పేరుపెట్టెను.

ఇట్లనుటచేత సూక్ష్మజీవులు సర్వము చేయునని తలంపరాదు. జీవామృతములో మొక్క కందు పోషకములు స్వల్పము. అది తోడేగాని పాలు కాదు. ఎరువు లేని చేలో జీవామృతము మాత్రము చల్లుట వట్టి గిన్నెలో మజ్జిగచుక్క వేయుటవంటిది. మన రాష్ట్రములో 2016నుండి సాగుచున్న ప్రకృతి వ్యవసాయోద్యమము మహిళాసంఘములను ఊతగా గొని వ్యాపించినది. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానమును పొందినవారిలో అదియు నొకటి. అయినను మందుల ఎరువులను పూర్తిగా మానినచో దిగుబడి నిలుచునాయని పలువురు వ్యవసాయ శాస్త్రజ్ఞులు సందేహము తెలిపియున్నారు. శ్రీలంకలో 2021లో రసాయనిక ఎరువుల దిగుమతిని ఒక్కసారిగ నిషేధించగా పంటలు దెబ్బతిని, ఆ యేడు తిరుగకుండనే ఆ నిషేధమును సడలించవలసివచ్చెను. మట్టిలో పాలు చేర్చుకొనుచు, మందు నెమ్మదిగ తగ్గించుకొనుట మేలని మాకు తోచినది.

చివరకు వారింట కుదిరిన యొడంబడిక యిది. మిరప యెకరములో సగము అన్నయ్యగారి పద్ధతి, సగము మా ఆడబిడ్డ పద్ధతి. ఆమె సగములో డి.ఏ.పి. బాగుగ తగ్గించి, భాస్వరమును కరగించు జీవుల పొడిని పశువుల ఎరువుతో కలిపి వేయుదురు. నారుకుళ్లు, ఎండుతెగుళ్లు కొంత అదుపులో నుండుటకు ట్రైకోడెర్మా అను మేలిబూజును వృద్ధిచేసి వేయుదురు. దాని విధము సోదరీమణులకు తెలియజేయుచున్నాము. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీడలో కుప్పపోసి, తడిగోనె కప్పి, నీరు చిలుకరించుచు వారము పది దినములుంచవలెను. కుప్పపై బూజు విరిసిన పిదప చేలో తేమయున్నపుడు చల్లవలెను. నాటుటకు ముందు గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రమునకు పత్రము తీసికొనిపోయి మోతాదు వ్రాయించుకొని రావలెనని కూడ అనుకొనిరి.

పప్పుధాన్యములకు విత్తనముతోనే తోడు పెట్టవచ్చును. ఎకరమునకు చాలు విత్తనమును చల్లార్చిన పలుచని బెల్లపు పాకముతో తడిపి, 200 గ్రాముల రైజోబియము పొట్లమును పట్టించి, నీడలో ఆరబెట్టి వెంటనే విత్తవలెను. ఎండ తగిలినచో ఆ జీవులు చచ్చును. శనగకు వేఱు, కంది పెసరలకు వేఱు గనుక పైరు పేరు చెప్పి అడిగి కొనవలెను. పొట్లముపై గడువు తేదీ చూడవలెను. గడువు తీరినది పుల్లబారిన తోడుకంటె నిరుపయోగము.

మేము బయలుదేరునాడు అన్నయ్యగారు బస్సు వఱకు వచ్చిరి. "గెలిచేది ఎవరో సంక్రాంతి దాటాక తెలుస్తుంది చెల్లెమ్మా. కాని ఈ యేడు పత్తికట్టె మాత్రం తగలబెట్టను, ముక్కలు కొట్టించి దున్నేస్తాను" అనిరి. మాకదియే చాలును.

భాద్రపదమున ఆడబిడ్డ ఫోను చేసెను. గరికపాడు పోయివచ్చిరట; నారు నాటిరట; ఎరువుల కొట్టులో బాకీ నిరుటికంటె తక్కువేనట. గాజులింకను తాకట్టులోనే యున్నవి. గొలుసు మెడలోనే యున్నది.

మీ యిండ్లలోను పట్టాపుస్తకములలో మడిచిన భూసారపత్రము లుండును. నేడే తీసి చదువుడు. చదువురాని పెద్దలకు చదివి వినిపించుడు. కర్బనము ఎంత, భాస్వరము ఎంత యని చూచి, సందేహమున్నచో సమీపమున నున్న వ్యవసాయాధికారి నడుగుడు. కంది పూతకు వచ్చుటకు ముందు ఒక మొక్కను త్రవ్వి, వేళ్లు కడిగి, బుడిపెను చిదిమి చూడుడు. ఎఱుపు కనబడినచో మీ నేలలో తోడు నిలిచియున్నదని తెలిసికొనవచ్చును. పాలు పోయుట మాత్రము మన పని.